రీగల్ రికార్డు: గిటారు కన్నా జనమే ఎక్కువ నచ్చిన సంగతి

అమెరికా బ్లూస్ గాయకుడు, గిటారిస్టు బి.బి. కింగ్ కచేరీ రికార్డు ‘లైవ్ ఎట్ ద రీగల్’ ఎందుకు గొప్పదో మళ్ళీ మొదటి నుంచి చెప్పబోవడం లేదు. 1964 నవంబరు 21, షికాగోలోని రీగల్ థియేటర్, ఆయన లూసిల్ అని పిలుచుకునే గిటారు, ఇవన్నీ బ్లూస్ వినేవాళ్ళకి కంఠతా వచ్చు. ఏళ్ళ తరబడి కారులో, ఇంట్లో, గిన్నెలు తోముతూ కూడా ఇదే వింటున్నాను కాబట్టి నా గోల ఒక్కటి వినండి. దీన్ని పాట పాటకీ మధ్య కోసి వినిపించే ప్రతి మెషీన్ మీదా నాకు పగ ఉంది.

ముఖ్యంగా మొదటి వైపు. ‘స్వీట్ లిటిల్ ఏంజెల్’, ‘ఇట్స్ మై ఓన్ ఫాల్ట్’, ‘హౌ బ్లూ కెన్ యు గెట్’, ఈ మూడూ అట్ట మీద మాత్రమే మూడు పాటలు. మొదలుపెట్టేముందు ఆయన జనంతో, పాత బ్లూస్ కొన్ని పాడతాం, మీకు గుర్తున్నది ఏదైనా వస్తే కాస్త గోల చేసి చెప్పండి అంటాడు. అక్కడ తలుపులు తెరుచుకున్నట్టే. ఒక పాట అయిపోతోంది అనుకునేలోపు బ్యాండుని ఆగనివ్వకుండా ఇంకో పాటలోకి తీసుకెళ్తాడు, మధ్యలో నాలుగు మాటలు మాట్లాడతాడు, ఆ మాటలకీ కేకలే. ‘హౌ బ్లూ’కి ముందు, నా పాట మీదా బ్యాండు మీదా కాదు, సాహిత్యం మీద మనసు పెట్టండి అని మరీ చెప్తాడు. ఆ తర్వాత పాటలోని భర్త, భార్యకి చేసినవాటి చిట్టా విప్పుతాడు. ఇది కొనిచ్చాను, అది తినిపించాను, అక్కడ ఉంచాను అంటాడు, ప్రతిదానికీ ఆవిడ దగ్గర ఒక ఎత్తిపొడుపు సిద్ధంగా ఉంటుంది. ఏడుగురు పిల్లల్నిచ్చాను, ఇప్పుడు వాళ్ళనీ వెనక్కి తీసుకోమంటున్నావు అనే లైను దగ్గర హాలు విరిగిపోతుంది. ఆడవాళ్ళ కేకలు పైన, మగవాళ్ళ నవ్వులు కింద, ఆ రెండిటి మధ్య నుంచి డ్రమ్స్ దూసుకొస్తాయి.

ఆ కేక ఊరికే రాదు. పది నిమిషాల ముందు నుంచీ మెల్లమెల్లగా పేరుకుంటూ వచ్చింది. మధ్యలో రెండు సెకన్లు నిశ్శబ్దం పెడితే ఆ పేరుకున్నదంతా కారిపోతుంది, చివర్లో వచ్చే కేక ఎవరో బటన్ నొక్కితే వచ్చినట్టు ఉంటుంది.

నా పాత కారు స్టీరియో చేసిన పని సరిగ్గా ఇదే. పెన్‌డ్రైవ్‌లో వేసుకున్న పాటలన్నీ బాగానే పాడేది, ఒక పాట ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట మాత్రం టక్కున ఆగి, ఆలోచించుకుని, మళ్ళీ ఎత్తుకునేది. మామూలు పాటలకి తేడా తెలియదు. రీగల్‌కి వచ్చేసరికి జనం కేక సగంలో గొంతు నొక్కేసినట్టు తెగిపోయేది. ఫోన్‌లోంచి యాప్ కలిపితే ఇంకో తలనొప్పి. అందులో క్రాస్‌ఫేడ్ అనే సదుపాయం ఎవరు కనిపెట్టారో గానీ, ఒక పాట తోకనీ ఇంకో పాట తలనీ కలిపి పిసికేస్తుంది. సర్వీసుకి ఇచ్చినప్పుడు అడిగితే అక్కడి కుర్రాడు, సార్, రెండు సెకన్లేగా అన్నాడు. ఏం చెప్తాం.

ఇంతలో మా నాన్న వచ్చారు. ఆరు నెలలు ఉందామని తెనాలి నుంచి వచ్చి, పదిహేను రోజులకే, షికాగో దగ్గరున్న మా అరోరాలో ఏముందిరా అని విసుక్కుంటున్న రోజులు. శనివారం బాలాజీ గుడికి తీసుకెళ్తున్నాను, కారులో ఇదే మోగుతోంది, తీసేద్దామంటే వద్దన్నారు. ఇంగ్లిషు పాటలంటే ఆయనకి ఒకటే అభిప్రాయం, అది ఇక్కడ రాయదగ్గది కాదు. కానీ ‘స్వీట్ లిటిల్ ఏంజెల్’ సగంలో, “ఎవర్రా ఇతను? జనం అలా అరుస్తున్నారేంటి?” అన్నారు. చెప్పాను. సరిగ్గా పాట మారే చోట స్టీరియో తన బుద్ధి చూపించుకుంది. “ఆగిపోయిందేంట్రా? వాళ్ళు ఇంకా అడుగుతుంటే?” అన్నారు. అక్కడ తెగింది పాట అని కాకుండా, జనం అడుగుతుంటే ఆపారని ఆయన బాధ.

మా నాన్నది పద్యనాటకాల కాలం. పీసపాటి, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడి వేషం కట్టి రాయబారం పద్యం ఎత్తుకుంటే తెల్లారేదాకా కూర్చున్న మనిషి. ఆ నాటకాల్లో పద్యం చివర రాగం సాగుతుంటేనే వెనక నుంచి వన్స్ మోర్ మొదలయ్యేది, హార్మోనియం పట్టిన శ్రుతి వదలకుండా ఉండేది, నటుడు జనాన్ని ఓసారి చూసి అదే పద్యం మళ్ళీ అందుకునేవాడు. ఈ షికాగో గోల ఆయన చెవికి కొత్తగా లేదు. భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎక్కడ కేక పడుతుందో ముందే పసిగట్టేవారు.

ఇక తెగకుండా వినాలన్న పట్టుదలతోనే పాత రికార్డుల దుకాణంలో ఎల్పీ, అంటే సూదితో మోగే పెద్ద నల్ల రికార్డు, వెతికి కొన్నాను. కండిషన్ చాలా బాగుంది అని అట్ట మీద చీటీ అంటించి మరీ అమ్మారు. మొదటి వైపు నిజంగానే బాగుంది. రెండో వైపు ‘వర్రీ వర్రీ’ నడిమధ్యన గీత. బి.బి. పాట ఆపి, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ సంసారం గురించి సలహాలిచ్చే ఘట్టం ఉంటుంది, నవ్వుతో పాటు కాస్త చిలిపితనం కూడా. భార్య దొరికిపోయిందని కొట్టకండి, కొడితే తెలివి మీరి ఈసారి దొరకదు అనే మాట దగ్గర సూది ఎగిరి రెండు ముక్కలు దాటేస్తుంది. వెనక్కిచ్చేద్దామంటే దుకాణంవాళ్ళ రూల్సు వాళ్ళవి. ఉంచేసుకున్నాను.

మొదటి వైపుని మాత్రం ఒకే ఫైలుగా కంప్యూటర్‌లోకి ఎక్కించి కారులో పెట్టాను. ఆగడానికి వీల్లేదు కదా. ఆ తర్వాత శనివారం గుడికెళ్ళేదారిలో ఏడుగురు పిల్లల లైను వచ్చేటప్పటికి నాన్న తొడ మీద చరిచి, “అద్దీ!” అన్నారు. ఏమన్నాడో చెప్పమన్నారు, చెప్పాను, ఇంకా నవ్వారు. గుడి పార్కింగులో కారు ఆపినా దిగలేదు, ‘ప్లీజ్ లవ్ మీ’ అయ్యేదాకా కూర్చున్నారు. ఇండియా వెళ్ళేటప్పుడు అది ఫోన్‌లో వేయించుకున్నారు కూడా. ఈ రికార్డు నాకిచ్చిన అనుకోని సంతోషం అది, ఏ సమీక్షలోనూ కనపడలేదు.

ఇక గిటారు సంగతి. లైవ్ గిటారు వినాలంటే దీన్ని మించింది లేదు అని నేను చాలామందికి చెప్తూ వచ్చాను. ఇప్పుడూ అదే మాట, కాస్త సవరణతో. ఆయన పాడేటప్పుడు గిటారు వాయించడు, వాయించేటప్పుడు పాడడు. గొంతు ఒక వాక్యం అంటుంది, లూసిల్ జవాబిస్తుంది, దానికి జనం జవాబు. ముగ్గురి సంభాషణలో గిటారు వాటా మూడో వంతే. మొత్తం రికార్డే ముప్పై అయిదు నిమిషాలు. ‘వర్రీ వర్రీ’ మొదట్లో గిటారు ఒక్కటే తీరిగ్గా నడిచే భాగం వదిలేస్తే, విస్తారంగా వాయించడం ఇందులో తక్కువ. కానీ ఆ తక్కువలోనే ఉంది పస. స్లయిడ్ (వేలికి గొట్టం తొడిగి తీగ మీద జార్చడం) వాయించే బంధువు బుక్కా వైట్‌లా స్లయిడ్ తన చేతికి పట్టుబడక, ఆ ధ్వని కోసం వేలితోనే తీగని వణికించడం నేర్చుకున్నానని బి.బి. చెప్పేవాడు. ఆ వణుకు, మనవాళ్ళు గమకం అంటే ఒప్పుకుంటారో లేదో తెలీదు గానీ, ఒక్క స్వరం మీద వేస్తే హాలంతా మూలుగుతుంది. పియానో వాయించిన డ్యూక్ జెత్రో గురించి ఒక కథ చెప్తారు: ఆ రోజు ఆర్గన్ పనిచేయలేదట, నాకు పియానో రాదు అంటే, మామూలుగా కూడా వాయించినట్టు నటిస్తూనే ఉంటావుగా, ఇప్పుడూ నటించు అన్నాడట బి.బి. రికార్డు వింటే ఆ కథ నమ్మబుద్ధి కాదు, ఆ పియానో నాకు భలే ఇష్టం.

ఇంతకన్నా మంచి కచేరీలు తను వందల్లో చేశానని బి.బి.యే అన్నాడు. ఆ మాట నేను పూర్తిగా నమ్ముతాను. ఆ వందలకి ఈ జనం దొరికారా, దొరికినా మైకు ఉందా అనేది వేరే ప్రశ్న. ప్రొడ్యూసర్ జానీ పేట్ ఆ గోలని తగ్గించకుండా వదిలేసినందుకు ఆయనకి దణ్ణం.

పోల్చి చూడాలంటే ‘లైవ్ ఇన్ కుక్ కౌంటీ జైల్’ ఉంది, 1970 సెప్టెంబరులో అదే షికాగోలో, నిజంగా జైల్లో, ఖైదీల ముందు. ‘హౌ బ్లూ’, ‘వర్రీ’ రెండూ అందులోనూ ఉన్నాయి. మొదట్లో జైలు చూసుకునే అధికారి, షెరిఫ్ పేరు చెప్పగానే ఖైదీలు బూ అని అరవడం వింటే ఇప్పటికీ నవ్వొస్తుంది. గిటారు అందులో పదునుగా, కోపంగా ఉంటుంది, నిజం చెప్పాలంటే వాయింపు వరకూ అదే మెరుగేమో. కానీ ఆ జనం వేరు, వాళ్ళకి బయటికెళ్ళే దారి లేదు. రీగల్ జనం డబ్బిచ్చి టికెట్ కొని, సింగారించుకుని వచ్చినవాళ్ళు, నవ్వులో ఆ ధీమా తెలుస్తుంది.

షికాగో దగ్గరే ఉంటున్నాను కాబట్టి జనం గోలని రికార్డు చేయడం ఎంత కష్టమో నాకు స్వయంగా తెలిసింది. వాబాష్ రోడ్డులో బ్లూస్ గిటారిస్టు బడ్డీ గై నడిపే లెజెండ్స్ అనే క్లబ్‌కి ఓ జనవరిలో వెళ్ళాను, ఏళ్ళ తరబడి ఆయన జనవరి నెలంతా అక్కడే వాయించేవాడు. బయట ఒళ్ళు కొరికే చలి, లోపల కోటు విప్పడానికి చోటు లేదు. ఎనభై దాటిన మనిషి గిటారు వాయిస్తూనే స్టేజీ దిగి, టేబుళ్ళ మధ్య నుంచి నడుచుకుంటూ మా కుర్చీ పక్కకి వచ్చాడు, చెయ్యి చాస్తే తీగలు తగిలేంత దగ్గర. మా బల్ల దగ్గర ఒక పెద్దావిడ ఆయన మొహంలోకి చూస్తూ అరిచిన అరుపు రీగల్ నుంచి నేరుగా వచ్చిందే. ఫోన్‌లో తీసుకున్నాను, ఇంటికొచ్చి వింటే గాజు గ్లాసుల చప్పుడు, నా దగ్గు, చిల్లుపడిన డబ్బాలోంచి వచ్చినట్టు గిటారు.

రీగల్ థియేటర్ చూద్దామని వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అది లేదు. 1928లో కట్టి 1973లో కూల్చేశారు. 47వ వీధిలో ఆ చోట ఇప్పుడు హెరాల్డ్ వాషింగ్టన్ కల్చరల్ సెంటర్ ఉంది. 79వ వీధిలో ఒకప్పుడు న్యూ రీగల్ అని పిలిచిన హాలు ఒకటి ఉంది, అది వేరే థియేటర్, రీగల్ అనే పేరు తర్వాత పెట్టుకున్నది. మా ఫ్రెండొకాయన అక్కడికెళ్ళి ఫోటోలు దిగి వచ్చాడు, నేనింకా చెప్పలేదు.

కొనాలా అంటే, నా మాట నా పరిస్థితిని బట్టి తీసుకోండి. రోజూ గంటకి పైగా ఒక్కడినే కారు నడిపేవాణ్ణి, పక్కన జనం ఉన్నారన్న భ్రమ నాకు పనికొస్తుంది. ఇంట్లో మా ఆవిడకి ఈ కేకలు తలనొప్పి, పిల్లలు అసలు పట్టించుకోరు. ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినే రకమైతే స్టూడియో రికార్డులే మేలు, ఓటిస్ రష్ కోబ్రా కంపెనీకి ఇచ్చిన పాటలు, మ్యాజిక్ శామ్ ‘వెస్ట్ సైడ్ సోల్’ లాంటివి. మా టీములో గిటారు నేర్చుకుంటున్న కుర్రాడు అడిగితే మాత్రం, రీగల్ తర్వాత విందువు గాని, ముందు ఆల్బర్ట్ కింగ్ ‘లైవ్ వైర్/బ్లూస్ పవర్’ పట్టుకో అన్నాను. 1968, ఫిల్‌మోర్ హాలు, ఎడమచేత్తో తిరగేసి పట్టిన ఫ్లయింగ్ వీ అనే V ఆకారపు గిటారు, తీగని వంచితే ఎంతదాకా వంగుతుందో అందులో తెలుస్తుంది. రెండు వారాల తర్వాత వచ్చి వేలు కోసుకుపోయిందని చూపించాడు.