నడుస్తున్న ఎక్సెల్‌ను అందుకోవడం: పేరుతోనా, ఫైల్ పాత్‌తోనా?

విజువల్ బేసిక్ కోడ్ నుంచి అప్పటికే తెరిచి ఉన్న ఎక్సెల్‌ను అందుకోవడానికి గెట్‌ఆబ్జెక్ట్ ఫంక్షన్‌ను రెండు విధాలుగా పిలవవచ్చు. మొదటి ఆర్గ్యుమెంట్‌ను (ఫైల్ పాత్, అంటే ఫైల్ ఉన్న చోటు చిరునామా, ఇచ్చే స్థానాన్ని) వదిలేసి "ఎక్సెల్.అప్లికేషన్" అనే పేరు మాత్రమే ఇస్తే, విండోస్ తన రన్నింగ్ ఆబ్జెక్ట్ టేబుల్‌లో (ఇతర కోడ్ అందుకోగలిగేలా, నడుస్తున్న ఆబ్జెక్ట్‌లను నమోదు చేసే జాబితాలో) నమోదైన ఒక ఎక్సెల్‌ను అప్పగిస్తుంది, ఏదీ నడవకపోతే 429 ఎర్రర్ వస్తుంది. ఎక్సెల్ ప్రాసెస్‌లు రెండు మూడు విడివిడిగా నడుస్తున్నప్పుడు వాటిలో ఏది చేతికి వస్తుందో మనం నిర్ణయించలేము కాబట్టి, ముఖ్యమైన లెక్కలను మార్చే కోడ్‌కు ఈ పద్ధతిని నేను సిఫారసు చేయను. రెండో విధంగా, మొదటి ఆర్గ్యుమెంట్‌లో ఫైల్ పూర్తి పాత్‌ను ఇస్తే, ఆ వర్క్‌బుక్ ఏ ప్రాసెస్‌లో తెరిచి ఉందో నేరుగా అక్కడికే చేరుకుంటాము; అప్పుడు చేతికి వచ్చేది వర్క్‌బుక్, దాని అప్లికేషన్ ప్రాపర్టీ ద్వారా ఎక్సెల్ దొరుకుతుంది. అయితే ఫైల్ తెరిచి లేకపోతే ఈ పద్ధతి ఎర్రర్ ఇవ్వకుండా, దాన్ని కనిపించని విండోలో తెరుస్తుంది.