స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్: సెమిస్టర్ చివరి ఫారమా, మిడ్ తర్వాత చీటీలా?

హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫీడ్‌బ్యాక్ అనగానే లెక్చరర్లకు గుర్తొచ్చేది సెమిస్టర్ చివరి ఆన్‌లైన్ ఫారమే. కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ అడుగుతుంది కాబట్టి దాన్ని ఏ కాలేజీ వదలదు. ఐదు పాయింట్ల స్కేలు, పిల్లల పేర్లు కనబడవు. ఏదైనా సబ్జెక్టులో పెద్ద లోపం ఉంటే హెచ్‌ఓడీకి, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్‌కు, తెలుస్తుంది. అంతవరకు మంచిదే.

కానీ ఆ సగటునే ఇంక్రిమెంటుకు ముడిపెడితే టెన్షన్ మొదలవుతుంది. "పిల్లలు మాకు మార్కులు వేయడమేంటి" అనే సీనియర్లను అహంకారులని కొట్టిపారేయలేను. ఎక్కువ రేటింగ్ వచ్చిన టీచర్ల దగ్గర పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారనడానికి ఆధారం లేదని, పాత అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2017లో తేల్చింది. పైగా 3.8 వచ్చిందంటే ఏం మార్చుకోవాలి? మార్చుకున్నా ఆ బ్యాచ్‌కు ఒరిగేదేమీ లేదు, సెమిస్టర్ అయిపోయింది.

క్లాసులోనే నోటితో అడగడం ఇంకో దారి. "అర్థమైందా?" అంటే "అయింది సార్" అంటారు. ఆ సంగతి అక్కడితో సరి.

నా ఓటు మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) తర్వాత రాయించే చీటీలకే. రెండు ప్రశ్నలు చాలు: ఏది బాగా అర్థమవుతోంది, ఏది మార్చాలి? "బోర్డు తుడిచే ముందు ఒక్క నిమిషం ఆగండి", "ఇంటర్ దాకా తెలుగు మీడియం మేడమ్, కొత్త టాపిక్ ఒకసారి తెలుగులో చెప్పండి" లాంటి మాటలు ఏ స్కేల్లోనూ పట్టవు. అవి చదివాక మర్నాటి నుంచే మారవచ్చు.

చీటీలతో చిక్కు చేతిరాత, చూస్తే ఎవరు రాశారో తెలిసిపోతుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ (జేఎన్‌టీయూహెచ్) ఆర్22 రెగ్యులేషన్‌లో థియరీ సబ్జెక్టుకు 100కి 40 మార్కులు ఇంటర్నల్సే, అంటే కాలేజీలోనే వేసేవి. మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో పిల్లలకు తెలుసు, భయపడతారు. అందుకే సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) అన్నీ టైప్ చేసి ఇవ్వాలి. లెక్చరర్ భయం కూడా తీరాలంటే ఆ కాగితం హెచ్‌ఓడీ దాకా వెళ్లకూడదు.

ఇంతా చేసి మౌనంగా ఉండిపోతే మాత్రం రెండో మిడ్ తర్వాత అన్ని చీటీల్లోనూ "బాగుంది సార్" అనే ఉంటుంది. న్యాక్ కూడా ఫీడ్‌బ్యాక్ తీసుకున్నారా అని అడిగి ఊరుకోదు, ఏం చర్య తీసుకున్నారో అడుగుతుంది. తర్వాతి క్లాసులో పది నిమిషాలు దీనికే పెట్టండి. ఏది మారుస్తున్నారో చెప్పండి. "మిడ్ ప్రశ్నలు ముందే ఇవ్వండి" అన్నవాళ్లకు ఎందుకు కుదరదో కూడా చెప్పండి. కొత్తగా మొదలుపెట్టేవారికి ఈ సెమిస్టర్‌కు ఒక్క సెక్షన్ చాలు.