బూజు పట్టిన పడకగదికి డీహ్యూమిడిఫయర్: కొనదగినదేనా?

విశాఖపట్నంలో సముద్రానికి చేరువగా ఉన్న ఇళ్లలో నైరుతి ఋతుపవనాలు వచ్చింది మొదలు ఈశాన్య ఋతుపవనాలు వెనుదిరిగే వరకు గాలిలో తేమ తగ్గదు. మా పడకగదిలో గోడకు ఆనించిన బీరువా వెనుక నల్లని మచ్చలు, లోపలి చీరల మీద తెల్లని బూజు, తలుపు తీయగానే ముక్కిన వాసన కనిపించడంతో కంప్రెసర్‌తో నడిచే డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమను నీరుగా తీసే యంత్రం) ఒకటి కొన్నాము. రోజుకు 12 లీటర్ల నీరు తీస్తుందని అట్టపెట్టె మీద రాసి ఉన్న రకం అది.

ఆ లెక్కను ఉన్నదున్నట్లు నమ్మనక్కరలేదు. కంపెనీలు సాధారణంగా 30 డిగ్రీల వేడిమి, 80 శాతం తేమ ఉన్న గాలిలో పరీక్షించి ఆ అంకె వేస్తాయి. గది ఆరుతున్న కొద్దీ యంత్రానికి చిక్కే నీరు కూడా తగ్గుతుంది. చూడవలసింది తొట్టిలో చేరిన నీటిని కాదు, గదిలో మిగిలిన తేమను. అందుకు విడిగా ఒక హైగ్రోమీటరు (తేమ శాతాన్ని చూపే పరికరం) కొనుక్కోవడం మేలు, ఎందుకంటే యంత్రం తన పక్కనున్న గాలిని మాత్రమే కొలుస్తుంది, బూజు పట్టేదేమో గాలి ఆడని మూలల్లో. తలుపులు, కిటికీలు మూసి నడిపితే మా గదిలో తేమ 60 శాతం లోపుకు దిగింది. బూజు మళ్లీ పెరగకుండా ఉండాలంటే అంతకు మించనీయకూడదు. వానాకాలంలో కిటికీలు తెరిచి యంత్రం నడపడమంటే చిల్లికుండలో నీళ్లు పోయడమే.

అయితే ఉన్న బూజును ఈ యంత్రం చంపదు, తుడవదు. ముందుగా ఎన్95 మాస్కు పెట్టుకుని, మచ్చలను సబ్బునీటిలో తడిపిన గుడ్డతో తుడిచి గోడను పూర్తిగా ఆరబెట్టాలి. పొడి చీపురుతో గీకితే బూజు రేణువులు గదంతా లేస్తాయి. బ్లీచింగు ద్రావణం వాడేవారు దానిని మరుగుదొడ్డి కడిగే ఆసిడ్‌తో ఎన్నడూ కలపరాదు, ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మచ్చల మీద నేరుగా రంగు వేయించడం డబ్బు దండగ.

గోడలోకి నీరు ఎక్కుతుంటే ఈ కొనుగోలు వృథా. పాలిథిన్ కాగితం ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి ఒకటి రెండు రోజులు ఉంచితే సంగతి చాలావరకు తేలుతుంది: కాగితానికి గోడవైపు చెమ్మ పడితే నీరు గోడలో నుంచి వస్తున్నట్లు, గదివైపు పడితే గాలిలో నుంచి వస్తున్నట్లు. మొదటి సందర్భంలో పిలవవలసింది ప్లంబరును లేదా మేస్త్రీని.

లోపాలు ఉన్నాయి. కంప్రెసర్ చప్పుడుకు తేలిక నిద్ర గలవారు పడుకోలేరు, కనుక పగటిపూట నడపడమే మంచిది. నీటిని తీసేటప్పుడు గదిని కొంత వేడెక్కిస్తుంది. విశాఖ ఉక్కపోతలో ఇది చిన్న విషయం కాదు. తొట్టి నిండితే ఆగిపోతుంది కాబట్టి గొట్టం తగిలించి నీటిని స్నానాలగదిలోకి వదిలే వీలున్న నమూనానే ఎంచుకోవాలి. సుమారు 230 వాట్ల యంత్రం ఎనిమిది గంటలు నడిస్తే రెండు యూనిట్లకు కాస్త తక్కువ కరెంటు ఖర్చవుతుంది, అది భరించదగినదే.

కంప్రెసర్ లేకుండా, చవకగా దొరికే చిన్న పెల్టియర్ యంత్రాలు పడకగదికి చాలవు. తేమను పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు బీరువా అరలకు బాగానే పనికివస్తాయి కానీ అందులో చేరే ద్రవం ఒలికితే తోలు వస్తువులు పాడవుతాయి. ఇక కలరా ఉండలు పురుగులను ఆపుతాయి, ముక్కిన వాసనను కప్పిపుచ్చుతాయి, తేమను మాత్రం తాకవు. ఏసీ ఉన్నవారు ముందుగా దానిలో తేమ తగ్గించే డ్రై మోడ్‌ను హైగ్రోమీటరుతో పరీక్షించి చూడాలి; దానితోనే తేమ 60 శాతం లోపు నిలిస్తే మరో యంత్రం అక్కరలేదు. కొన్నా కొనకపోయినా బీరువాను గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా జరపండి, దానికి ఖర్చేమీ లేదు.