రెండున్నరేళ్ళు చేయించాక రాస్తున్నా: పిల్లల వర్డ్ ప్రాబ్లమ్స్‌కి బార్ మోడల్

మా పాప మూడో క్లాసులో ఉన్నప్పుడు దసరా సెలవుల్లో బార్ మోడల్, అంటే మాటల్లో ఇచ్చిన లెక్కని పట్టీలుగా గీసి చేసే పద్ధతి, మొదలుపెట్టాం, ఇప్పుడు ఐదో క్లాసు పరీక్షల దాకా వచ్చింది. ఇన్నాళ్ళూ రాయకుండా ఎందుకు ఆగానంటే, మొదలుపెట్టే ముందు నేను వెతికితే దొరికినవన్నీ వారం పది రోజులు చేసి రాసినవే, అందరూ సూపర్ అన్నవాళ్ళే, ఏ లెక్కకి పనికొస్తుంది ఏ లెక్కకి పనికిరాదు అని ఒక్కళ్ళూ చెప్పలేదు, నాకు కావాల్సింది అదే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

పాపకి లెక్కలు రాక కాదు. నాలుగంకెల కూడికలు, అప్పు తెచ్చుకునే తీసివేతలు, ఎక్కాలు అన్నీ వచ్చు. అదే లెక్క మాటల్లో ఇస్తే మాత్రం సగం చదివి పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చేసేది, "అమ్మా ఇది ప్లస్సా మైనస్సా?" అని. స్కూల్లో కీవర్డ్స్ నేర్పారు, ఆల్‌టుగెదర్ అంటే కూడాలి, లెఫ్ట్ అంటే తీసెయ్యాలి, ఈచ్ అంటే గుణించాలి, క్లాస్ గోడ మీద చార్ట్ కూడా ఉండేది. రెండో క్లాసు దాకా ఆ చార్ట్ బాగానే నడిపించింది, మూడో క్లాసులో చేతులెత్తేసింది.

ఆ రోజు లెక్క నాకు ఇప్పటికీ గుర్తుంది. మొదటి బుట్టలో 45 మామిడిపళ్ళు ఉన్నాయి, అవి రెండో బుట్టలో ఉన్నవాటికంటే 18 తక్కువ, రెండో బుట్టలో ఎన్ని? ఇంగ్లీషులో ఫ్యూవర్ అన్న మాట కనపడగానే తీసేసి 27 అని రాసింది. తప్పు అన్నా. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెరిపేసి 63 రాసింది. ఆన్సర్ కరెక్టే, ఎందుకు అలా చేశావ్ అంటే "మైనస్ కాకపోతే ప్లస్సే కదమ్మా" అంది, నాకు మనసు పాడైపోయింది. పక్కనే మా అత్తయ్య బియ్యం ఏరుతూ, "రెండు బుట్టలల్ల దేంట్ల ఎక్కువున్నయి బిడ్డా?" అని అడిగారు. పాప ఆగిపోయింది. మళ్ళీ చదివింది, పెదాలు కదుపుతూ, రెండోసారి నెమ్మదిగా. "రెండోదాంట్లో" అంది. "మరి 27 ఎట్లయితయి?" అంతే, ఇంకేం చెప్పలేదు ఆవిడ. నాకు అప్పుడు అర్థమైంది, పాప ఇన్నాళ్ళూ లెక్క చేయట్లేదు, అంకెల మధ్య ఏ గుర్తు పెట్టాలో ఊహిస్తోంది అంతే.

తర్వాత చదివితే ఇది మన పిల్లలకే కాదు అని తెలిసింది. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో చిన్న క్లాసుల పిల్లలకి ఓడలో 26 గొర్రెలు 10 మేకలు ఉన్నాయి కెప్టెన్ వయసెంత అని ఇస్తే 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక జవాబు ఇచ్చారట. నేను అదే మన ఆటోతో మార్చి పాపని అడిగా, ఆటోలో 3 సంచులు 12 కొబ్బరికాయలు ఉన్నాయి డ్రైవర్ వయసెంత అని. 36 అంది, గట్టి నమ్మకంతో.

ఇక బార్ మోడల్ సంగతి. ఇది సింగపూర్ విద్యాశాఖ వాళ్ళు 1980ల్లో వాళ్ళ ప్రైమరీ పిల్లల కోసం తయారుచేసుకున్న పద్ధతి, 1995లో టిమ్స్ అని చాలా దేశాల పిల్లలకి పెట్టే పరీక్షలో ఆ దేశం లెక్కల్లో మొదటి స్థానంలో వచ్చాక ప్రపంచమంతా దాని వైపు చూసింది. చేసేది చాలా సింపుల్. లెక్కలో ఉన్న ప్రతి పరిమాణానికీ ఒక పొడుగాటి పట్టీ గీయాలి, తెలిసిన అంకె దాని మీద రాయాలి, తెలియని చోట ప్రశ్న గుర్తు పెట్టాలి. మామిడిపళ్ళ లెక్కే తీసుకోండి, కింద పొడుగు పట్టీ రెండో బుట్ట, పైన పొట్టి పట్టీ మొదటిది, పొట్టిదాని మీద 45, పొడుగుది ఎంత బయటికి వచ్చిందో ఆ ముక్క మీద 18. ఇంక ప్లస్సా మైనస్సా అని అడగక్కర్లేదు, కళ్ళముందే కనపడుతుంది.

మొదటి నెల ఒక పొరపాటు జరిగింది, మీరు చేయకండి. బొమ్మ నీట్‌గా వస్తుందని గళ్ళ నోట్‌బుక్ కొన్నా. పాప 45 అంటే 45 గళ్ళు లెక్కపెట్టి గీయడం మొదలుపెట్టింది, ఒక్కో లెక్కకి పావుగంట, లైను చివర్లో చోటు చాలక ఏడుపు. పట్టీ కొలత కరెక్ట్‌గా ఉండక్కర్లేదు, ఏది పెద్దది ఏది చిన్నది అన్నది తెలిస్తే చాలు, ఇక భాగాలు సమానం అని లెక్కలో చెప్పినప్పుడు మాత్రం గళ్ళు సమానంగా ఉండాలి. గీతల్లేని తెల్ల కాగితానికి మారాక ఆ గొడవ పోయింది. ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత వర్క్‌బుక్స్ తెచ్చి వాటిలో లెక్కలే చేయించా, రోజుకి రెండే రెండు లెక్కలు, మూడోది అడిగినా ఇవ్వలేదు.

ఇంకొకటి, నా మటుకు నాకు బొమ్మ కంటే ఇదే ముఖ్యం. పాపది ఇంగ్లీష్ మీడియం, లెక్క ఇంగ్లీషులో ఉంటుంది, మేం ఇంట్లో తెలుగే మాట్లాడతాం. గీసే ముందు లెక్కని తెలుగులో నానమ్మకి కథలా చెప్పాలి అని రూల్ పెట్టా, అంకెలు చెప్పకుండా. "ఒకావిడ దగ్గర కొన్ని పూలున్నాయి, పొద్దున కొన్ని అమ్మింది, సాయంత్రం ఇంకొన్ని అమ్మింది, చివరికి కొన్ని మిగిలాయి, మొదట ఎన్ని ఉన్నాయో చెప్పాలి" ఇలా. అంకెలు లేకుండా చెప్పాలంటే కథ అర్థం కావాల్సిందే, వేరే దారి లేదు. కథ రాకపోతే పెన్సిల్ పట్టనివ్వను. మొదటి రెండు నెలలు విసుక్కుంది, తర్వాత అదే అలవాటైంది.

ఎక్కడ బాగా పనిచేసిందంటే కంటే ఎక్కువ, కంటే తక్కువ లెక్కల్లో. వాటికి ఇంతకన్నా మంచి మందు నేను చూడలేదు. తర్వాత రెట్లు. అక్క దగ్గర చెల్లి దగ్గరున్న వాటికి 3 రెట్లు స్టిక్కర్లు, ఇద్దరివీ కలిపి 84. చెల్లికి ఒక గడి, అక్కకి మూడు గళ్ళు, మొత్తం నాలుగు గళ్ళు 84, ఒక గడి 21, అక్కకి 63. ఇలాంటివి మేం చిన్నప్పుడు ఎనిమిదిలో ఎక్స్ పెట్టి చేసినవి, పాప నాలుగో క్లాసులో గళ్ళు గీసి చేసింది.

అన్నిటికంటే నాకు నచ్చింది సమానం చేసే లెక్క. అక్క దగ్గర 50, చెల్లి దగ్గర 26, ఇద్దరికీ సమానం కావాలంటే అక్క ఎన్ని ఇవ్వాలి? పాప 24 అంది, మా ఆయన కూడా ఆఫీస్ కాల్ మధ్యలో 24 అన్నారు. రెండు పట్టీలు గీసి ఆ ఎక్కువున్న 24 ముక్కని చూపించి మొత్తం చెల్లికి ఇచ్చెయ్ అన్నా, ఇచ్చి చూస్తే ఇప్పుడు చెల్లిదే పెద్దదైపోయింది. పాప కాసేపు ఆ కాగితం వైపే చూసి, ఆ ముక్క మధ్యలో వేలితో గీత గీసింది. 12. ఇద్దరికీ 38. నేనేం చెప్పలేదు, ఆ గీత పాపదే.

భిన్నాలకి కూడా బాగుంది. నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళిన డబ్బుల్లో ఐదింట రెండు వంతులు రైడ్స్‌కి అయిపోతే 900 మిగిలాయి, మొత్తం ఎంత? అయిదు గళ్ళు, రెండు కొట్టేస్తే మిగిలిన మూడు 900, ఒక్కోటి 300, మొత్తం 1500. ఒక నిమిషం పని.

ఇప్పుడు పనికిరాని చోట్లు. శేషం వచ్చే లెక్కలకి బొమ్మ ఏమీ చేయలేదు. 14 మందిమి పెళ్ళికి వెళ్ళాలి, ఆటోకి ముగ్గురు, ఎన్ని ఆటోలు? 4, శేషం 2 అని రాసింది. ఆ శేషం ఇద్దరినీ ఇంట్లో వదిలేసి వెళ్తామా అంటే నవ్వి 5 అని మార్చింది. 1980ల మొదట్లో అమెరికాలో 13 ఏళ్ళ పిల్లలకి 1128 మంది సైనికులు, బస్సుకి 36 మంది, ఎన్ని బస్సులు అని ఇస్తే దాదాపు 29 శాతం 31 బస్సులు శేషం 12 అని రాశారు, 32 అన్నవాళ్ళు 23 శాతమే. దీనికి మేం వాడింది ఒకటే, జవాబు వచ్చాక దాన్ని మళ్ళీ నానమ్మ కథలో పెట్టి చదవడం. కథ కుదరకపోతే జవాబు తప్పు.

టైం లెక్కలకి అసలు వద్దు. 6:45కి మొదలైన సినిమా 2 గంటల 35 నిమిషాలు ఉంటే ఎప్పుడు అయిపోతుంది అంటే పట్టీలు గీసి 8:80 అని తేల్చింది. గంటలో 60 నిమిషాలే అన్నది పట్టీ చెప్పదు. దీనికి ఒక గీత గీసి, దాని మీద టైం రాసుకుంటూ గంతులు వేయించా, 6:45 నుంచి 8:45, అక్కణ్ణుంచి 15 నిమిషాలకి 9, మిగిలిన 20కి 9:20. అలాగే మధ్యలో ఖాళీల లెక్కలు, చెట్లు స్తంభాల లాంటివి. ఇవి మెట్రోలో నేర్చుకుంది. మియాపూర్‌లో ఎక్కి అమీర్‌పేటలో దిగితే రెండూ కలిపి 11 స్టేషన్లు, ఒక స్టేషన్ నుంచి ఇంకోదానికి 2 నిమిషాలు అనుకుంటే 22 నిమిషాలు అంది. సరే అని ఒక్కో స్టేషన్‌కి కాదు, రైలు కదిలిన ప్రతిసారీ ఒక వేలు ముడవమన్నా. అమీర్‌పేటలో తలుపులు తెరుచుకునేసరికి పది వేళ్ళే ముడుచుకుని ఉన్నాయి.

స్కూల్ విషయం కూడా చెప్పాలి. ఒక యూనిట్ టెస్టులో బొమ్మ గీసి జవాబు కరెక్ట్‌గా రాస్తే మెథడ్ లేదని మార్కులు కట్ చేశారు. చాలా బాధేసింది, పాప రెండ్రోజులు గీయనంది. వెళ్ళి మాట్లాడా, పెద్దగా మార్పేం రాలేదు, అప్పటినుంచి బొమ్మ రఫ్ కాలమ్‌లో, స్టేట్‌మెంట్లు పక్కన అని అలవాటు చేశాం. మీ పిల్లల టీచర్‌ని ముందే అడిగి మొదలుపెట్టండి.

టైం పడుతుంది, అది నిజం. మాకు ఆర్నెల్లు ఏ మార్పూ కనపడలేదు, నాలుగో క్లాసు సంక్రాంతి సెలవుల తర్వాత "ప్లస్సా మైనస్సా" అని అడగడం మానేసింది, ఏ రోజు మానేసిందో నేను గమనించను కూడా లేదు. ఇప్పుడు సులువైన లెక్కలకి గీయట్లేదు, నేనూ బలవంతం చేయట్లేదు, భిన్నాలు రెట్లు వస్తే మాత్రం తనే కాగితం తీసుకుంటుంది.

మా చిన్నోడు జూన్‌లో రెండో క్లాసుకి వెళ్తాడు. వాడికి ఇప్పుడే పట్టీలు వద్దు అన్నారు అత్తయ్య, ముందు చేతికి తగిలే వస్తువుతో చేయాలట, నాకూ అదే కరెక్ట్ అనిపిస్తోంది. కిలో చింతపండు గింజలు తీస్తూ ఒక డబ్బాలో వేసి పెట్టారు ఇప్పటికే.