మద్దిలపాలెంలో ఒక మహిళా హాస్టల్: భద్రతకు కట్టే అద్దె

విశాఖపట్నంలో ఉద్యోగానికి వచ్చే ఆడపిల్లలకు ఉపయోగపడుతుందని, మద్దిలపాలెం కూడలికి దగ్గరలో నేను ఉంటున్న ప్రైవేటు హాస్టల్ గురించి రాస్తున్నాను. ఇక్కడ చెప్పే లోపాలు చాలా హాస్టళ్లలో ఉన్నవే కనుక పేరు రాయడం లేదు.

భోజనం బాగుంటుంది, వేసవిలోనూ నీళ్లకు ఇబ్బంది రాలేదు. గేటు దగ్గర రాత్రంతా కాపలా మనిషి ఉంటాడు, బస్టాపు నుంచి గేటు దాకా వీధి దీపాలు వెలుగుతాయి. ముగ్గురు పంచుకునే గదిలో ఒక మంచానికి నెలకు 7,500 రూపాయలు కడుతున్నది ప్రధానంగా ఆ కాపలాకూ ఆ వెలుతురుకే. నాతో సమానమైన జీతం తీసుకునే సహోద్యోగి ఒకాయన ఇంతకన్నా తక్కువకే కొమ్మాది దాటాక డాబా మీద విడిగదిలో ఉంటున్నారు; రాత్రి తొమ్మిదిన్నరకు షిఫ్టు ముగిశాక ఆ చీకటి దారిలో బండి మీద నిశ్చింతగా వెళ్లిపోతారు. పక్కనే ఖాళీగా ఉన్న గదిని నేనూ చూశాను. అద్దె భరించగలను గానీ, ఆ వేళప్పుడు ఆ దారిన ఒంటరిగా వెళ్లలేను. ఊరి చివర దొరికే చౌక ఇళ్లలో చాలావరకు మాకు లేనట్టే లెక్క.

గేటు పదింటికి మూస్తారు. ఆలస్యమైతే తండ్రో, భర్తో ఫోన్ చేసి చెప్పాలి. రిజిస్టరులో పేరు పక్కన ఉన్న గడి కూడా ఆ ఇద్దరిదే. భర్త నుంచి విడిపోయి వచ్చిన మా గదిలోని ఒకావిడ ఆ గడిలో తల్లి పేరు రాస్తే కొట్టేసి మళ్లీ రాయమన్నారు. మగపిల్లలను ఉండనివ్వరు కనుక ఆవిడ ఎనిమిదేళ్ల కొడుకు అనకాపల్లిలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. 2005 నాటి గృహహింస చట్టంలోని 17వ సెక్షన్ కాపురమున్న ఇంట్లో నివసించే హక్కును భార్యకు ఇచ్చింది. అయినా ఇల్లు వదిలింది ఆవిడే. ఆ హక్కు కోసం కోర్టుకు తిరిగినన్నాళ్లూ తలదాచుకోవడానికి ఒక గది కావాలి కదా.

ఉద్యోగినుల హాస్టళ్ల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సఖీ నివాస్ పథకంలో తల్లితో పాటు మగపిల్లలు 12 ఏళ్ల వరకు, ఆడపిల్లలు 18 ఏళ్ల వరకు ఉండవచ్చు. విడిగదికైనా అద్దె జీతంలో 15 శాతం మించకూడదు. అటువంటి హాస్టళ్లు ఈ నగరంలో ప్రతి పెద్ద కూడలి దగ్గరా ఉండాలి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది కాగితం లేకపోవడం. ఒక నెల అడ్వాన్సు తీసుకుంటారు గానీ, ఒప్పందం గానీ రసీదు గానీ ఇవ్వరు. రేపటికల్లా ఖాళీ చేయమంటే చూపించడానికి మా దగ్గర ఏమీ ఉండదు. మగవాళ్లయితే ఆ రాత్రికి ఏ స్నేహితుడి గదిలోనో సర్దుకోగలరు. మాలో చాలామందికి ఆ వీలు లేదు.

భోజనానికీ భద్రతకూ నాలుగు, నిబంధనలకు రెండు, మొత్తం మీద ఐదుకు మూడు ఇస్తాను. చేరదలచినవారు అడ్వాన్సుకు రసీదు, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల గడువిస్తారన్నది రాతపూర్వకంగా తీసుకున్న తర్వాతే డబ్బు చెల్లించండి.