‘ఏడాది ఫారిన్ ఫ్యామిలీ ప్యాకేజీ’ కొంటున్నారా? అడ్వాన్సు ఇచ్చేముందు వీసా పేరు అడగండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉన్న మన తెలుగువాళ్ళకి ఈ హెచ్చరిక. ఏడాది సెలవు దొరికిన లెక్చరర్లకీ, రైల్వేవాళ్ళకీ, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ ఈమధ్య ఒక సరుకు చూపిస్తున్నారు. ‘పాపతో సహా ఏడాది యూరప్‌లో ఉండి రండి, వీసా, ఇల్లు, బడి అన్నీ మేమే చూసుకుంటాం’ అంటారు. డబ్బు కట్టాక చేతికొచ్చేది షెంజెన్ టూరిస్టు వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే స్వల్పకాల వీసా. దాని మీద ఏడాది ఉండటం కుదరని పని.

మోసం జరిగేది వీసా స్టిక్కర్ దగ్గరే. దాని మీద ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు’ అని ఏడాది గడువు ఉండొచ్చు, మల్టిపుల్ ఎంట్రీ అనీ ఉండొచ్చు. ఏజెంటు వేలు పెట్టి చూపించేది ఆ తేదీలనే. కింద ‘డ్యూరేషన్ ఆఫ్ స్టే’ అని ఇంకో గడి ఉంటుంది. అందులో 90 అని ఉంటే ఏ 180 రోజుల్లో లెక్కపెట్టినా 90 రోజులకు మించి ఉండకూడదని అర్థం. జనవరి 1న దిగి అక్కడే ఉంటే మార్చి 31తో 90 రోజులూ అయిపోతాయి. మళ్ళీ అడుగు పెట్టగలిగేది జూన్ 30నే. ‘మధ్యలో టర్కీయో సెర్బియాయో వెళ్ళొస్తే లెక్క మొదటికొస్తుంది’ అనే మాట పచ్చి అబద్ధం. దిగిన రోజూ, బయల్దేరిన రోజూ కూడా లెక్కలోకే వస్తాయి. 2025 అక్టోబరు 12 నుంచి అక్కడి సరిహద్దుల్లో పాస్‌పోర్టు ముద్రల స్థానంలో కంప్యూటర్ నమోదు దశలవారీగా మొదలైంది. పన్నెండేళ్ళలోపు పిల్లలకి వేలిముద్రలు తీసుకోరు గానీ ముఖం ఫోటో తీస్తారు. కాబట్టి ‘పిల్లని ఎవరు లెక్కపెడతారు’ అన్న ధీమా వద్దు.

రేటు కార్డు చూస్తే ఇంకో గుట్టు బయటపడుతుంది. షెంజెన్ స్వల్పకాల వీసా రుసుము పెద్దవాళ్ళకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళలోపు పిల్లలకి 45. ఆరేళ్ళలోపు పిల్లలకి రుసుమే లేదు. నాలుగేళ్ళ పాప పేరున ‘ఎంబసీ ఫీజు’ వేశారంటే అది ఎంబసీకి వెళ్ళే డబ్బు కాదు. దరఖాస్తు కేంద్రం సేవా రుసుము వేరే. దానికి రసీదు విడిగా ఇస్తారు, అడిగి తీసుకోండి.

నిజంగా ఏడాది ఉండాలంటే ఆ దేశం ఇచ్చే దీర్ఘకాల వీసాయే కావాలి. స్పెయిన్‌లో ఉద్యోగం చేయకుండా ఉండే నివాస వీసా ఉంది. దానికి ఐప్రెమ్ అనే అక్కడి ఆదాయ సూచికను ఆధారంగా తీసుకుంటారు. అది నెలకు 600 యూరోలున్న లెక్కన, ప్రధాన దరఖాస్తుదారు నాలుగు రెట్లు, వెంట వచ్చే ఒక్కొక్కరికీ మరో రెట్టు చూపించాలి. తల్లి, తండ్రి, ఒక పాప అంటే నెలకు 3,600, ఏడాదికి 43,200 యూరోలన్నమాట. ఫ్రాన్స్‌లో దీర్ఘకాల ‘విజిటర్’ వీసా ఉంది. పని చేయబోమని రాసివ్వాలి, దిగిన మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో ధ్రువీకరించుకోవాలి. రెండిట్లోనూ ఉద్యోగానికి చోటు లేదు. ‘అక్కడ పార్ట్‌టైమ్ చూపిస్తాం, ఖర్చు వచ్చేస్తుంది’ అన్నవాడి దగ్గర ఇంకో నిమిషం కూర్చోనక్కర్లేదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి స్పెయిన్‌లో వేరే వీసా ఉంది, షరతులూ వేరే. ఆ రెండూ ఒకటేనని చెప్పేవాడికి రెండూ తెలియవు.

సెలవు ఉత్తరం సంగతి చాలామంది పట్టించుకోరు. టూరిస్టు వీసా దరఖాస్తుకి ఏడాది సెలవు మంజూరు ఉత్తరం జతచేస్తే, ఈ మనిషి వెనక్కి రాడేమోనని అధికారికి అనుమానం రావడం సహజం. తిరస్కరణకి అదొక్కటే చాలు. అందుకే కొందరు ఏజెంట్లు నెల సెలవని ఇంకో ఉత్తరం ‘తయారుచేసి’ పెడతారు, బ్యాంకు స్టేట్‌మెంటూ అలాగే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. దరఖాస్తు కింద సంతకం మీది, ఏజెంటుది కాదు. దొంగ కాగితం దొరికితే బ్రిటన్ పదేళ్ళు, కెనడా అయిదేళ్ళు తలుపు మూసేస్తాయి. ప్రభుత్వోద్యోగులైతే సెలవు మంజూరు ఒక్కటే చాలదు, విదేశ ప్రయాణానికి శాఖ అనుమతి విడిగా కావాలి.

ఇక పిల్ల కాగితాలు. మన సరిహద్దు జిల్లాల వాళ్ళకి అసలు చిక్కు ఇక్కడే. పురుడు పుట్టింట్లో పోస్తాం కాబట్టి పాప పుట్టింది శ్రీకాకుళంలోనో విశాఖలోనో, ఇల్లు మాత్రం ఒడిశాలో. జనన ధ్రువపత్రం ఏ రాష్ట్రం ఇస్తే ఆ రాష్ట్ర ప్రభుత్వమే దాన్ని ధ్రువీకరించాలి. ఆ తరవాతే కేంద్ర విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర, అంటే పత్రం అసలైనదేనని విదేశాల్లో చెల్లే గుర్తు. ‘అన్నీ భువనేశ్వర్‌లో అయిపోతాయి’ అని తీసుకున్న ఆంధ్రా పత్రాలు నెలల తరబడి బీరువాలో పడి ఉండేది ఇందుకే. పెళ్ళి ఆంధ్రాలో నమోదైతే ఆ పత్రానికీ ఇదే దారి. అపోస్టిల్‌కి ప్రభుత్వ రుసుము కాగితానికి 50 రూపాయలు, ఏజెన్సీ సేవా రుసుము దానికి అదనం. వేలల్లో అడిగితే దేనికెంతో రాసిమ్మనండి.

పేర్ల గొడవ ఇంకొకటి. ఒడియా కాగితాల్లో మన ‘వ’ తరచూ ‘బ’ అయిపోతుంది. వాసుదేవరావు ఒకచోట బాసుదేబ్ రావు, ఇంకోచోట వి. వాసుదేవ్. ఇంటిపేరు ఒక పత్రంలో ముందు, ఇంకో పత్రంలో వెనక, మూడోదాంట్లో ఒట్టి పొడి అక్షరం. తండ్రి పేరు పాప జనన పత్రంలో ఒకలా, ఆయన పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటే, వీళ్ళు తండ్రీకూతుళ్ళేనా అన్న ప్రశ్న విదేశీ అధికారికి వస్తుంది. పత్రంలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉన్న ఇళ్ళు కూడా తక్కువేం కాదు. పుట్టుక నమోదైన 12 నెలల్లోపైతే పేరు ఉచితంగా చేర్చుతారు, తరవాత ఆలస్య రుసుము. ముందు జనన పత్రం సరిచేయించండి, తరవాత పాప పాస్‌పోర్టు, ఆపైన అపోస్టిల్, చివర అనువాదం. ఈ వరస తప్పితే చేసిన ప్రతి పనీ మళ్ళీ చేయాలి, డబ్బూ మళ్ళీ కట్టాలి. ఏజెంటుకి అది నష్టం కాదు, రెండో బేరం. స్పెయిన్‌కైతే అనువాదం ఆ దేశం గుర్తించిన ప్రమాణ అనువాదకుల చేత చేయించాలి, వీధి చివర డీటీపీ షాపు ముద్ర చెల్లదు. పెద్దల పోలీసు క్లియరెన్సు మాత్రం మరీ ముందు తీసుకోవద్దు, అది పాతబడిపోతుంది.

చిన్నపిల్లల పాస్‌పోర్టు అయిదేళ్ళకే ఇస్తారు. మామూలు రుసుము 1,000 రూపాయలు, తత్కాల్‌కి ఇంకో 2,000. తల్లీ తండ్రీ ఇద్దరూ అనెగ్జర్ డి అనే అంగీకార పత్రం మీద సంతకం చేయాలి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తరవాత గానీ పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం తప్ప ఇంకేదీ చెల్లదు. పాప ఏడాది వయసులో తీసిన పాస్‌పోర్టుకి ఇప్పుడు ఎన్నాళ్ళు మిగిలిందో చూసుకోండి, ఏడాది బస మధ్యలో గడువు తీరిపోతే నివాస కాగితాలూ చిక్కులో పడతాయి.

టీకాల కార్డు జాగ్రత్త. మన ప్రభుత్వ టీకాల్లో ఉన్నది ఎం.ఆర్., అంటే తట్టు, రుబెల్లా. గవదబిళ్ళల టీకా అందులో లేదు. విదేశీ బడులు చాలాచోట్ల అది కూడా కలిసిన ఎం.ఎం.ఆర్. అడుగుతాయి కాబట్టి పిల్లల డాక్టరుతో మూడు నెలల ముందే మాట్లాడండి. ఫ్రాన్స్‌లో మూడేళ్ళు నిండితే చదువు తప్పనిసరి, జర్మనీలో ఇంట్లో చదివిస్తామంటే ఒప్పుకోరు. ‘బడి సీటు ప్యాకేజీలోనే’ అంటే ఏ బడో, ఏ ఊళ్ళోనో రాయించుకోండి. తిరిగొచ్చాక ఇక్కడి సీటు ‘పట్టి ఉంచడానికి’ డబ్బు అడిగితే ఇవ్వనక్కర్లేదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని ప్రభుత్వ బడిలో వయసుకి తగిన తరగతిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది.

బీమా గురించి ఒక్క మాట. 30,000 యూరోల ట్రావెల్ పాలసీ టూరిస్టు వీసాకి సరిపోతుంది, ఏడాది నివాసానికి కాదు. స్పెయిన్ ఆ దేశంలో చెల్లే, రోగి వాటా లేని ఆరోగ్య బీమా అడుగుతుంది.

డబ్బు ఎప్పుడూ విడతలుగానే, సంస్థ కరెంట్ ఖాతాకే పంపండి. ఎవరి సొంత యూపీఐకీ వద్దు. ఒప్పందంలో దేశం పేరు, వీసా రకం, తిరస్కరిస్తే ఎంత వెనక్కిస్తారో ఉండాలి. ఏడాది అద్దె ముందే కట్టించుకోవడం, వీసా రాకముందే వాపసు లేని టికెట్లు కొనిపించడం, ఈ రెండూ ఉన్న బేరం వదిలేయండి. ఒక చిన్న పరీక్ష ఉంది. టికెట్లూ బసా కలిపి విదేశీ ప్యాకేజీ అమ్మేవాళ్ళు టీసీఎస్ (అమ్మేటప్పుడే తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేసి మీ పాన్ మీద జమ చేయాలి. ఆ త్రైమాసికం లెక్కలు దాఖలయ్యాక ఆదాయపు పన్ను సైట్‌లో మీ పేరున ఉండే పన్ను జమల పట్టికలో అది కనబడకపోతే మీరు కట్టింది ఎక్కడికి పోయిందో ఊహించుకోవచ్చు. ‘టీసీఎస్ లేకుండా చేస్తాం, క్యాష్ ఇవ్వండి’ అంటే మీకు లాభం చూపించి మీ రుజువు లాగేసుకుంటున్నట్టు. ఆ టీసీఎస్ ఎలాగూ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది.

బాకీ తీరేదాకా పాస్‌పోర్టులు ఇవ్వమని బెదిరిస్తే భయపడొద్దు. పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి, తాకట్టు సరుకు కాదు. పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఆన్‌లైన్‌లో డబ్బు పోతే గంటల్లోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైతే ఖాతా స్తంభింపజేసేలోపే డబ్బు దాటిపోతుంది. సేవాలోపమైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఏజెన్సీ హైదరాబాద్‌లో ఉన్నా అక్కడికి తిరగనక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం కింద మీరుండే జిల్లా కమిషన్‌లోనే, గంజాం వాళ్ళు గంజాంలో, రాయగడ వాళ్ళు రాయగడలో, రెండేళ్ళలోపు కేసు వేయొచ్చు. చెల్లించింది 5 లక్షల లోపైతే రుసుము లేదు. వాట్సాప్ మాటలు, వాయిస్ మెసేజీలు చెరపకండి, ఫోన్ మార్చకండి. వాటిని రుజువుగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద ధ్రువపత్రం కావాలి, ఆ మెసేజీలు ఏ ఫోన్‌లో ఉన్నాయో ఆ ఫోన్ వివరాలతోనే దాన్ని ఇస్తారు.