అండమాన్‌లో ఆరుసార్లు: ఏ దీవికి ఏ బండి

మా తమ్ముడికి పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం వచ్చి పదేళ్లు దాటింది. ఆ వంకతో 2014 నుంచి ఇప్పటికి ఆరుసార్లు అండమాన్ వెళ్లాను. మొదటిసారి మాత్రం ప్యాకేజీలో వెళ్లాం. విమానం దిగగానే కారెక్కించారు, అయిదో రోజు మళ్లీ విమానాశ్రయం దగ్గరే దింపారు. మధ్యలో ఏం చూశారని అడిగితే కారు అద్దం చూశామని చెప్పాలి. ఆ తర్వాత అయిదుసార్లూ బస్సులు, ఆటోలు, స్కూటర్లు, సైకిళ్లు, ఓడలు అన్నీ మా తిప్పలు మేమే పడి ఎక్కాం. కొన్నిటికి రెండోసారి డబ్బు పెట్టను, కొన్నిటికి ఎన్నిసార్లయినా పెడతాను.

పేర్ల సంగతి ముందే చెప్పేస్తాను. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. హేవ్‌లాక్ 2018 చివరలోనే స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ షహీద్ ద్వీప్‌గా మారాయి. టికెట్ల మీద కొత్త పేర్లు ఉంటాయి, బేరమాడేటప్పుడు పాత పేర్లే పలుకుతాయి. నేనూ బేరమాడే పేర్లే వాడుతున్నాను.

బండి ఎంచుకునే ముందు పొద్దు చూసుకోవాలి. అండమాన్ మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మనదే. తెల్లవారుజామున అయిదింటికి వెలుతురు వస్తుంది, శీతాకాలంలో సాయంత్రం అయిదున్నరకు లైట్లు వేసుకోవాలి. టిఫిను, కాఫీ కానిచ్చి తాపీగా పదింటికి బయల్దేరే అలవాటున్న మా ఇంటాయనకు ఇది తలకెక్కడానికి రెండు ప్రయాణాలు పట్టింది.

పోర్ట్ బ్లెయిర్‌లో నా ఓటు బస్సుకే. మోహన్‌పురా బస్టాండు అబర్డీన్ బజారు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది. అక్కడి నుంచి వండూరుకూ చిడియా టాపుకూ బస్సులున్నాయి. రెండూ ఊరికి పాతిక కిలోమీటర్లు అటూ ఇటూ. కారువాళ్లు రెండు వేలు చెప్పిన చోటికి మేం మనిషికి ముప్పై రూపాయల లోపు టికెట్టుతో వెళ్లాం. పైగా బస్సులో ఊరు కనిపిస్తుంది. అరటి గెలలు, బడి పిల్లలు, మూత సరిగా పడని చేపల బుట్ట. ఒకసారి ఆ బుట్ట నీళ్లు మా ఆయన చెప్పుల్లోకి కారాయి. ఆ వాసన విశాఖ దాకా వచ్చింది. అయినా బస్సే ఎక్కుతాను.

కాకపోతే ఎక్కేటప్పుడే తిరుగు బస్సు ఎన్నింటికో కండక్టరును అడగాలి. చిడియా టాపుకు అందరూ సూర్యాస్తమయం కోసమే వెళతారు, బస్సు మాత్రం సూర్యుడి కోసం ఆగదు. మేం ఒకసారి చివరి బస్సు పోగొట్టుకుని, ఎవరో దయగల కుటుంబం వాళ్ల జీపులో ఇరుక్కుని వచ్చాం. వండూరు నుంచి జాలీ బాయ్ దీవికి పడవ ఎక్కాలంటే కూడా బస్సును నమ్ముకోకూడదు. పడవ పొద్దున్నే బయల్దేరిపోతుంది. ఆ ఒక్క రోజుకు ఆటో మాట్లాడుకోండి. జాలీ బాయ్ ఉన్న సముద్ర పార్కుకు సోమవారం సెలవు, మేం ఆటో దిగాక తెలుసుకున్నాం.

ఆటోల్లో మీటరు అన్న మాటకు నవ్వే జవాబు. ఎక్కకముందే ధర తేల్చుకోవాలి. ఒక సాయంత్రం సెల్యులార్ జైలు నుంచి తమ్ముడింటికి వెళ్లడానికి నా హిందీతో నేను తంటాలు పడుతుంటే, వెనక నుంచి మా ఆయన తెలుగులో "బాగా ఎక్కువ చెబుతున్నాడు, వదిలెయ్" అన్నారు. ఆటో అబ్బాయి మా వైపు తిరిగి, "ఎక్కువ కాదు బాబూ, కొండెక్కాలి కదా" అన్నాడు. వాళ్ల తాత శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే ఉండిపోయారట. జంగ్లీఘాట్ వైపు ఇలాంటి తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. తెలుగువాడని తెలిసినా బేరం ఒక్క రూపాయి తగ్గలేదు. చేపలు ఎక్కడ కొనాలో మాత్రం దారి పొడుగునా చెప్పాడు.

ఇక దీవి నుంచి దీవికి. హేవ్‌లాక్‌కు ప్రైవేటు నౌకలున్నాయి, ప్రభుత్వ నౌకలున్నాయి. ప్రైవేటువి గంటన్నరలో చేరుస్తాయి, ఏసీ, మెత్తటి సీట్లు, టికెట్టు వెయ్యికి పైమాటే. ప్రభుత్వ నౌకకు రెండున్నర గంటలు పడుతుంది, ఖర్చు బాగా తక్కువ. నేను ప్రభుత్వ నౌకనే మెచ్చుకుంటాను, డబ్బు కోసమే కాదు. దాంట్లో డెక్ మీదికి వెళ్లి గాలికి నిలబడవచ్చు. నేనెక్కిన ప్రైవేటు నౌకలో అద్దాలు బిగించిన గదిలో కూర్చోబెట్టారు. అల కాస్త పెద్దదైందంటే ముందు వరుసలో ఒకరు సంచీ అందుకుంటారు, ఆ వాసనకు రెండో వరుస, ఆపైన మూడో వరుస. మా మేనకోడలు ఆ గంటన్నరలో ఏడుసార్లు వాంతి చేసుకుంది. వెనక్కి వచ్చేటప్పుడు ప్రభుత్వ నౌకలో డెక్ మీద నిలబడి ఎగిరే చేపలను లెక్కపెట్టింది.

ప్రభుత్వ నౌకలో చిక్కు టికెట్టే. ఆన్‌లైన్‌లో అమ్మకం వచ్చినా చటుక్కున అయిపోతాయి. ముందు అక్కడివాళ్ల అవసరాలు, తర్వాతే మనం. అది న్యాయమే. ఆసుపత్రికి వెళ్లే మనిషి సీటులో కూర్చుని నేను సముద్రం చూడనక్కరలేదు. గుర్తింపు కార్డు అసలుది దగ్గరుంచుకోండి. ఇంకో సంగతి, ప్రభుత్వ నౌక ఫీనిక్స్ బే నుంచి, ప్రైవేటువి హాడో నుంచి బయల్దేరతాయి. పొద్దున్నే తప్పు రేవుకు చేరి పరుగులు పెట్టే కుటుంబాన్ని ప్రతిసారీ ఒకరినైనా చూస్తాను. 2016లో ఆ కుటుంబం మాదే.

హేవ్‌లాక్‌లో స్కూటరు. ఇందులో నాకు రెండో మాట లేదు. అక్కడ ఊళ్లకు పేర్లున్నా వాడుకలో నంబర్లే. జెట్టీ ఒకటో నంబరు, బజారు మూడు, రాధానగర్ బీచి ఏడు. జెట్టీ నుంచి రాధానగర్‌కు 12 కిలోమీటర్లు ఉంటుంది. బస్సు ఉంది గానీ రోజుకు కొన్ని ట్రిప్పులే. కారు మాట్లాడుకుంటే బీచిలో కాలు తడవగానే డ్రైవరు గడియారం చూస్తాడు. స్కూటరుకు పోయినసారి మేం రోజుకు 500 ఇచ్చాం, పెట్రోలు మనదే. నల్ల పలక మీద పసుపు అక్షరాల నంబరున్న బండే తీసుకోండి, అద్దెకు తిప్పే అనుమతి ఉన్నదానికి అదే గుర్తు.

ఇంత మెచ్చుకుంటున్న స్కూటరే 2019 డిసెంబరులో నాకు ముచ్చెమటలు పట్టించింది. రాధానగర్ పడమటి ఒడ్డున ఉంది. ఎర్రటి బంతి నీళ్లలోకి దిగేదాకా అందరూ ఇసుకలో కూర్చుంటారు, దిగగానే అందరూ ఒక్కసారే లేస్తారు. మేం మొక్కజొన్న పొత్తు కోసం ఆగి పది నిమిషాలు వెనకబడ్డాం. బజారుకు వచ్చే దారిలో కొంత మేర అడవి. ఆకాశం కనిపించనంత ఎత్తు చెట్లు, వీధి దీపం లేదు, ఎగుడు వెంటనే దిగుడు. ఎగుడులో బండి దీపం బాగానే వెలిగింది. దిగుడులో ఏక్సిలరేటర్ వదలగానే ఎర్రగా, ప్రమిదలో నూనె అయిపోయినట్టు కునికింది. వెలుతురు కావాలంటే వేగం పెంచాలి, వేగం తగ్గిస్తే దారి కనిపించదు. ఇరవై ఏళ్లుగా స్కూటరు నడుపుతున్నాను, ఇలాంటి బేరం ఏ బండీ పెట్టలేదు. మా ఆయన నా భుజం మీదుగా ఫోను టార్చి పట్టుకున్నారు. చెయ్యి వణికి సగం సేపు చెట్లకే వెలుతురు పడింది. చివరికి కూరగాయల సంచులతో వెళుతున్న ఒకాయన మోటారుసైకిలు ఆపి, బెంగాలీలో ఏదో అని, తన వెనకే రమ్మని చెయ్యి ఊపాడు. బజారు దాకా ప్రతి మలుపులో ఆగి మా కోసం చూశాడు.

మర్నాడు బండి అప్పగిస్తే, అద్దెకిచ్చిన మనిషి దీపం మాట ఎత్తనివ్వలేదు. వెనక బంపరు మీద గీత చూపించి 1,500 అడిగాడు. ఆ గీత బండి తీసుకునేటప్పటికే ఉంది, నా ఫోనులో ఫొటో కూడా ఉంది. ఫొటోలో తేదీ చూపించాక గొంతు తగ్గింది. అప్పటినుంచి నా పద్ధతి ఒకటే. బండి చుట్టూ తిరిగి నాలుగు వైపులా ఫొటోలు తీస్తాను. తర్వాత ఇంజను నెమ్మదిగా ఉంచి, అరచెయ్యి అడ్డం పెట్టి దీపం ఎంత వెలుగుతోందో చూస్తాను. హెల్మెట్టు కొక్కెం పడుతుందో లేదో నొక్కి చూస్తాను. అసలు లైసెన్సు తాకట్టు పెట్టమంటే పక్క దుకాణానికి వెళతాను. పెట్రోలు ట్యాంకులో చుక్క ఉండదు, నేరుగా బంకుకు వెళ్లాల్సిందే. డబ్బు నోట్ల రూపంలో దగ్గరుంచుకోవాలి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబులు వేశాక ఫోను చెల్లింపులు మెరుగుపడ్డాయి గానీ, చిన్న దుకాణంలో సిగ్నల్ ఎప్పుడు అలుగుతుందో తెలియదు.

అదే దీవిలో తూర్పు వైపు కాలాపత్తర్ దారి మరోలా ఉంటుంది. చదును నేల, రోడ్డు పక్కనే సముద్రం. పొద్దున అయిదింటికి ఆ దారిలో వెళితే కుక్కలూ కొబ్బరిచెట్లూ మనమూ, అంతే.

నీల్‌కు స్కూటరు దండగ. దీవి మొత్తం పద్నాలుగు చదరపు కిలోమీటర్ల లోపు, చాలావరకు చదును, రోడ్డుకు రెండు పక్కలా వరి మళ్లు, కూరగాయల తోటలు. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్ అని ఊళ్ల పేర్లు వింటే రామాయణంలో సైకిలు తొక్కుతున్నట్టుంటుంది. రోజుకు 150 రూపాయలు ఇచ్చి సైకిలు తీసుకున్నాం. సీటు ఎత్తు సరిచూసుకోకపోవడం ఒక్కటే మా తప్పు, రెండు రోజులు మోకాళ్లు మూలిగాయి. జెట్టీ దగ్గర ఆటోవాళ్లు చుట్టుముట్టి 'అన్నీ చూపిస్తాం' అంటారు. చూపిస్తారు, రెండు గంటల్లో. నీల్‌లో రెండు గంటల్లో అయిపోయే పని ఏముందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

బారాటాంగ్ దీవి గురించి అందరూ అడుగుతారు. ఒక్కసారి వెళ్లాను, చాలు. అక్కడికి వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ దగ్గర జారవా అనే ఆదిమ తెగవాళ్ల అడవిలోకి ప్రవేశిస్తుంది. అక్కడ వాహనాలన్నిటినీ వరుస కట్టించి, నిర్ణీత వేళల్లో ఒకేసారి వదులుతారు. మధ్యలో ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు. దానికోసం రాత్రి మూడింటికి లేవాలి. మేం బస్సులో వెళ్లాం. మడ అడవుల మధ్య పడవ ప్రయాణం, సున్నపురాయి గుహలు బాగున్నాయి. నచ్చనిది మన జనం తీరు. నిబంధన చదివి వినిపించిన పది నిమిషాలకే 'జారవాలు కనిపిస్తారా' అని మెడలు సాచి చూశారు. వాళ్ల ఇంటి మధ్యలోంచి మన రోడ్డు పోతోంది. కారులో వెళ్లినా, బస్సులో వెళ్లినా ఆ చూపు మారకపోతే వెళ్లకపోవడమే మేలు.

కారు ఎప్పుడూ వద్దా అంటే, అలా అనలేను. 2022లో అమ్మను తీసుకెళ్లాను. డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. మూడు రోజులకు కారు మాట్లాడాం, ప్రతి రూపాయికీ విలువ దక్కింది. ఆ ప్రయాణంలో అమ్మకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం కారు కాదు. చాథమ్ నుంచి బంబూఫ్లాట్‌కు వెళ్లే ఫెర్రీ. లారీలు, స్కూటర్లు, మనుషులు అన్నీ ఒకే తట్టలో పేర్చినట్టు ఎక్కుతాయి. రోడ్డు మీద చుట్టి వెళితే ఎంతో దూరమయ్యే ఊరు, నీళ్ల మీద పావుగంటలో వస్తుంది. మా కారు అవతలి ఒడ్డున దిగింది. అమ్మ దిగనంది. "ఇంకోసారి అటూ ఇటూ తిప్పుతారేమో అడుగు" అంది. డ్రైవరును జెట్టీ దగ్గర కూర్చోబెట్టి, మరో రెండు టికెట్లు కొన్నాను.